ఒకే ఎండ్ నుంచి బౌలింగ్

ఐపీఎల్ షెడ్యూలు వచ్చిన అరగంటలో మా ఇంటి ఫోను మోగుతుంది. కుశల ప్రశ్నలుండవు. “బామ్మర్దీ, ఉప్పల్లో ఆదివారం మ్యాచుంది. నానొస్తన్నాను. మీ అక్కకి సెప్పకు,” అంటాడు బావ. అక్క పక్కనే నిలబడి వింటోందని ఆ తగ్గించిన గొంతులోనే తెలిసిపోతుంది.

మా బావది అండమాన్‌లోని పోర్ట్‌బ్లెయిర్. 2024 సెప్టెంబరులో ఆ ఊరికి శ్రీవిజయపురం అని పేరు పెట్టారు. “పేరైతే మారింది గానీ విమానం టిక్కెట్టు రేటు మారనేదు,” అని బావ బాధ. వాళ్ల తాత శ్రీకాకుళం జిల్లా సముద్రపొడ్డు మనిషి. వల భుజానేసుకుని ఓడెక్కి, జంగ్లీఘాట్ దగ్గర దిగి, మళ్లీ ఓడెక్కలేదు. ఆ దీవుల్లో ఇలాంటి తాతల మనవలు చాలామందే ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నూటికి పదమూడు మందికి తెలుగే మాతృభాష. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత మనమే.

ఇంతమంది ఉన్నా బావకి ఒక చిక్కుంది. “మీదేవూరండీ?” అని ఎవరైనా అడిగితే ఒక్క మాటలో జవాబు చెప్పలేడు. తాతది ఒక ఊరు, తను పుట్టింది ఒక ఊరు, ఆ పుట్టిన ఊరికి ఇప్పుడు ఇంకో పేరు. శ్రీకాకుళం వెళ్తే చుట్టాలు “కాలాపానీ అల్లుడొచ్చాడు” అంటారు. హైదరాబాదులో నోరు విప్పితే ఆటోవాలా “ఆంధ్రానా అన్నా?” అంటాడు. పోర్ట్‌బ్లెయిర్ ఆఫీసులో “తెలుగూవాలా” అంటారు. ఆడుకుందామన్నా రంజీలో అండమాన్‌కి జట్టు లేదు. చూసి చూసి 2013లో సన్‌రైజర్స్ బరిలోకి దిగగానే బావ ఆరెంజి చొక్కా తొడిగాడు. అప్పట్నుంచి ఆయనకి ఊరు దొరికింది.

నేనొకసారి ఉండబట్టలేక అడిగాను. “బావా, జట్టు యజమానులది చెన్నై. కెప్టెన్ కమిన్స్‌ది ఆస్ట్రేలియా. మన హైదరాబాదు కుర్రాడు తిలక్ వర్మేమో ముంబైకి ఆడతాడు. ఈ జట్టులో హైదరాబాదు ఎక్కడుంది?”

బావ నాకేసి జాలిగా చూశాడు. “నానెప్పుడైనా హైదరాబాదులో ఉన్నానేట్రా? ఆళ్లూ ఉండరు, నానూ ఉండను. అందికే కుదిరింది.”

ఆటగాళ్లని సొంతం చేసుకోవడానికి బావకి వేరే కొలతలున్నాయి. విలియమ్సన్‌ని తెలుగువాళ్లంతా కేన్ మామ అన్నారు గదా, బావ మాత్రం చుట్టరికం మూలాల్లోకి వెళ్లాడు. “న్యూజిలాండంటే ఏటి? దీవి. కేన్ మామ మా దీవోడే. 2018లో 735 పరుగులు ఊరికే కొట్నాడేటి? సముద్రం గాలి!” నితీశ్ కుమార్ రెడ్డి విశాఖవాడు గనక “మా ఓడాగే ఊరి గుంటడు”. ఆ గుంటడు 2024 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో సెంచరీ కొట్టిన రోజు బావ ఆఫీసులో లడ్డూలు పంచాడు. క్లాసెన్‌ది దక్షిణాఫ్రికా కదా అంటే, “కాటేరమ్మ కొడుకు” అని నోరు మూయించాడు.

ఇక ప్రయాణం. ఓడెక్కితే విశాఖ రావడానికే రెండు మూడు రోజులు, అక్కణ్నుంచి హైదరాబాదు ఇంకో రాత్రి. అంత సెలవు ఆఫీసు ఇవ్వదు, అంత ఓపిక అక్కకి లేదు. కాబట్టి విమానం. పోర్ట్‌బ్లెయిర్ రన్‌వేకి ఒక కొసన కొండ. అందుకని విమానాలు ఒక వైపు నుంచే దిగి, అదే వైపుకి ఎగిరిపోవాలి. గాలి ఆ కాసేపు అనుకూలించకపోతే దిగే యోగం లేనట్టే. దగ్గర్లో దిగడానికి ఇంకో ఊరు లేదు కాబట్టి, వెనక్కి తిరిగి వెళ్లడానికి సరిపడా ఇంధనం మోసుకునే వస్తాయి. ఇదంతా పైలట్లు పుస్తకాలు చదివి నేర్చుకుంటారు. బావ ఒక్క ముక్కలో చెబుతాడు: “మా రన్‌వే మీద ఒకే ఎండ్ నుంచి బౌలింగు. రెండో ఎండ్‌లో కొండ నిలబడి అంపైరింగ్ సేస్తాది.”

ఆయన సంచీలో రెండే సామాన్లు: మాకోసం ఎండు నెత్తళ్లు, తనకోసం ఆరెంజి చొక్కా. రెండూ ఒకే అరలో ప్రయాణం చేస్తాయి. మొదటిసారి మా పిల్లలు అండమాన్ గవ్వలు తెమ్మన్నారు. అనుమతి లేకుండా గవ్వలు, పగడాలు దీవి దాటించకూడదని విమానాశ్రయంలో ఆపేస్తారు. నెత్తళ్లని మాత్రం ఎవరూ ఆపరు. ఆ సంచీ దగ్గరికి ఎక్కువసేపు రాగలిగినవాళ్లు తక్కువ.

దీవిలో కూర్చుని మ్యాచ్ చూడడం ఇంకో తపస్సు. గడియారం మనదే గాని సూర్యుడు మనవాడు కాదు. అక్కడ ఏప్రిల్‌లోనూ సాయంత్రం ఐదున్నరకల్లా పొద్దుగూకుతుంది. ఏడున్నర మ్యాచ్‌కి టాస్ వేసేసరికే ఊరు సగం నిద్రకి పడుతుంది. నైరుతి రుతుపవనాలేమో కేరళ కంటే ముందు అండమాన్‌లో దిగుతాయి. అదీ సరిగ్గా ఐపీఎల్ ఫైనల్స్ ఆడే మే నెలలో.

2016 మే 29. బెంగళూరులో ఫైనల్. మనవాళ్లు 208 కొట్టారు. పోర్ట్‌బ్లెయిర్‌లో వాన, డిష్ పోయింది, కరెంటు పోయింది. అప్పట్లో దీవికి ఇంటర్నెట్ ఉపగ్రహం మీంచి చుక్కలు చుక్కలుగా దిగేది. బావ ఫోన్‌లో స్కోరు ‘బెంగళూరు 114, వికెట్లేమీ పోలేదు’ దగ్గర ఆగిపోయింది. గేల్, కోహ్లీ క్రీజులో. గంట గడిచినా 114. రెండు గంటలైనా 114. బావ జట్టుని, వానని, ఉపగ్రహాన్ని కలిపి తిట్టి, అన్నం తినకుండా పడుకున్నాడు. పొద్దున్నే చేపల రేవుకి వెళ్తే ఎవరో భుజం తట్టారు: ఎనిమిది పరుగుల తేడాతో మనమే ఛాంపియన్లం! హైదరాబాదంతా రాత్రి చేసుకున్న పండగని బావ తెల్లవారి ఐదింటికి, ఐసు పెట్టెల మధ్య ఒక్కడే చేసుకున్నాడు.

2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున 2,300 కిలోమీటర్ల కేబుల్ వచ్చింది. బావ సంబరపడ్డాడు. 2024 ఫైనల్లో కోల్‌కతా మీద మనవాళ్లు 113కి కుప్పకూలడం ఒక్క క్షణం ఆలస్యం లేకుండా, ప్రతి వికెట్టూ స్పష్టంగా చూశాడు. “ఉపగ్రహమే నయంరా. తెల్లారేదాకా ఆశుండేది,” అన్నాడు.

పోయిన ప్రయాణంలో ఉప్పల్ మ్యాచ్ అయ్యాక బావ మా ఇంటికి రాలేదు. స్టేడియం నుంచి తిన్నగా శంషాబాద్ వెళ్లి, కుర్చీలో కునుకు తీసి, తెల్లవారి విమానం ఎక్కాడు. ఒంటి మీద అదే చొక్కా. విమానం దీవి దాకా వెళ్లింది. కింద మబ్బులు, కొండ అంపైరు వేలెత్తాడు. అలాగే తిరిగొచ్చి చెన్నైలో దిగింది.

సాయంత్రం ఫోన్. “బామ్మర్దీ, పసుపూళ్లో పడ్డాను. నా ఒంటి మీద ఆరెంజీ.”

“చొక్కా మార్చుకోకపోయావా బావా?”

“ఇంకోటి నేదు. ఇను. హోటల్ గుంటడు ‘ఎంద ఊరు సార్?’ అన్నాడు. తాతది, ఓడది, దీవిది మొదలెట్టబోయాను. ఎందుకులే అని ‘హైదరాబాద్’ అనీసేను. ఆడు 2018 ఫైనల్లో మా సెన్నై సేతిలో మీకేటైందో గుర్తుందా అని పగలబడి నవ్వేడు.”

“అయ్యో.”

“అయ్యో ఏట్రా! ఇన్నాళ్లకి నన్నొకడు హైదరాబాదోడనుకుని ఎగతాళి సేశాడు!”

ఆ గొంతులో 2016 తెల్లవారుజాము వినిపించింది. మర్నాడు గాలి అనుకూలించి బావ ఇల్లు చేరాడు. అక్క ఏమందో మాకు తెలియదు. బావ చెప్పలేదు.

ఉప్పల్‌కి వెళ్లేవాళ్లకి ఒక మనవి. మీ పక్క సీట్లో ఆరెంజి చొక్కాలోంచి ఎండు నెత్తళ్ల వాసన వస్తే ముక్కు మూసుకోకండి. మీదేవూరని కూడా అడగకండి. కాస్త జరిగి చోటివ్వండి, చాలు.