సున్నానికో ఎంఓయూ

మన విశ్వవిద్యాలయాల్లో కరెంటు ఆదా చేయాలంటే ముందు విదేశీ భాగస్వామి దొరకాలి. స్విచ్చి కట్టేయడానికి అటెండరు చాలడు. సముద్రాలు దాటి ఒక ప్రొఫెసరుగారు రావాలి, ఎంఓయూ మీద సంతకాలు పడాలి, ఫోల్డర్లు మార్చుకుంటూ ఫొటో దిగాలి. తర్వాత కూడా స్విచ్చి ఎవరూ కట్టరనుకోండి, అది వేరే సంగతి.

‘పాత భవనాలు - ఇంధన పొదుపు - అంతర్జాతీయ సహకారం’ అన్న సదస్సులోకి ఒకసారి తొంగిచూడండి. ఏసీ పద్దెనిమిది మీద ఉంటుంది. ఒక్క డిగ్రీ పెంచితే ఆరు శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ చెప్పిన లెక్కను వక్త తెర మీద చూపిస్తుంటాడు. రిమోటు మాత్రం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. వేదిక మీది అతిథులు కప్పిన శాలువాలు తీయరు. గౌరవం కాదు, చలి. పగిలిన కిటికీ అద్దానికి అట్టముక్క అడ్డం పెట్టి, దాని మీద ఈ సదస్సు పోస్టరే అంటించి ఉంటారు.

విదేశీ సాయం వద్దని ఎవరన్నారు? ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ పుట్టిందే దానితో. నిజాం హయాంలో జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసొచ్చారు. ఈజిప్టులో పనిచేసిన బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్‌ను పిలిపించారు. 1934లో శంకుస్థాపన, 1939లో ప్రారంభం. వాళ్ల పర్యటన వల్ల మందపాటి రాతి గోడలు, ఎత్తైన కప్పులు మిగిలాయి. మనవాళ్ల పర్యటన వల్ల మిగిలేది టీఏ బిల్లు.

తర్వాత కట్టినవేమో కాంక్రీటు అగ్గిపెట్టెలు. పడమటి వైపు నిలువెత్తు అద్దం. అద్దంలోంచి ఎండ వస్తుందని పరదా. పరదా వేస్తే చీకటని పట్టపగలే లైట్లు. ఇంత చేశాక ఉక్కపోస్తోందని ఏసీ. ఇప్పుడు ఆ ఏసీ బిల్లు తగ్గించడానికి మళ్లీ విదేశీ నిపుణుడు!

2017లో హైదరాబాదు దేవరకొండ బస్తీలో కొన్ని పేదల ఇళ్ల కప్పుల మీద తెల్లటి పొర పరిచి చూశారు. లోపల వేడి సుమారు రెండు డిగ్రీలు తగ్గింది. ఆ పనిలో మన ఐఐఐటీ ఉంది, అమెరికా సంస్థ ఎన్‌ఆర్‌డీసీ కూడా ఉంది. అదీ అంతర్జాతీయ సహకారమే. కాకపోతే అక్కడ ఎవరో ఒకరు నిచ్చెన ఎక్కారు. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానమే ప్రకటించింది. దాని గడువు 2028.

వీసీగారూ, ఎండలు ముదరకముందే డాబా మీదికి మనుషుల్ని పంపించండి. అక్కడ పడేసిన విరిగిన బెంచీలు దింపించి, కప్పు ఊడ్పించి, రెండు పూతలు సున్నం వేయించండి. ఫొటో కావాలంటే సున్నం బకెట్టుతో దిగండి. మొదటి పేజీలో వేయమని మేమే అడుగుతాం.