ఎవరింటి తాళం?

సముద్రం అడుగున చెన్నై నుంచి వేసిన 2,300 కిలోమీటర్ల కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమయ్యాక అండమాన్‌లో నెట్ వేగం పుంజుకుంది. అంతకుముందు ఉపగ్రహమే దిక్కు. పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే ఇప్పటి శ్రీ విజయపురంలో, మన శ్రీకాకుళం వాళ్ళు ఎక్కువగా ఉండే జంగ్లీఘాట్‌లోనూ వైఫై డబ్బాలు వెలిశాయి.

అక్కడ ఉండే ఒక రిటైరైన ఉద్యోగికి కొత్త బెంగ పట్టుకుంది. పింఛను ఖాతా ఫోన్లోనే చూసుకుంటాడు. వైఫైలో క్రాక్ అనే లోపం ఉందని ఎక్కడో చదివాడు. విశాఖలో ఇంజనీరింగ్ చదువుతూ సెలవులకొచ్చిన అన్న కూతుర్ని వెనక వరండాలో కూర్చోబెట్టుకున్నాడు.

"ఏటమ్మా ఈ క్రాక్ అంటే? నా డబ్బులు పోతాయా?"

"2017లో మాథీ వాన్‌హోఫ్ అనే బెల్జియం పరిశోధకుడు బయటపెట్టిన లోపం బాబాయ్. వైఫైని కాపాడే డబ్ల్యూపీఏ2 పద్ధతిలోనే ఉంది. కానీ దాన్ని వాడుకోవాలంటే ఆ దొంగ మన సిగ్నల్ అందేంత దగ్గరికి రావాలి. ఫోన్, కంప్యూటర్ అప్‌డేట్ చేసుకుంటే ఆ దారీ మూసుకుపోతుంది. బ్యాంకు యాప్ పంపే సమాచారానికి విడిగా ఇంకో రక్షణ ఉంటుంది."

"అయితే భయం లేదంటావు."

"దానికంత భయం అక్కర్లేదు. పాస్‌వర్డ్ లేని వైఫైకి భయపడాలి. 2008 జూలైలో అహ్మదాబాద్ పేలుళ్ళకు కొద్ది నిమిషాల ముందు ఉగ్రవాదులు పంపిన ఈమెయిల్ జాడ పట్టుకుని పోలీసులు నవీ ముంబైలో ఓ అమెరికన్ ఇంటికి వెళ్ళారు. ఆయనకు ఏ పాపమూ తెలీదు. ఆయన వైఫైకి రక్షణ లేదు, ఎవరో వాడేశారు. ఇంతకీ మన పాస్‌వర్డ్ ఎవరు పెట్టారు?"

"నెట్ పెట్టినబ్బాయే."

"రౌటర్ సెట్టింగులకు?"

"దానికి కూడా వేరే ఉంటదా?"

ఆ అమ్మాయి బాబాయ్ ఫోన్ తీసుకుని రౌటర్ పేజీ తెరిచింది. పేరు దగ్గర అడ్మిన్, పాస్‌వర్డ్ దగ్గర అడ్మిన్ అని కొట్టింది. తలుపు తెరుచుకుంది. రెండు పాస్‌వర్డులూ మార్చింది. కొత్తది కొట్టగానే ఫోన్‌కి నెట్ వచ్చింది. బాబాయ్ ఆ రాత్రి నిశ్చింతగా పడుకున్నాడు.

తెల్లారేసరికి పక్కింటావిడ గోడ మీంచి కేకేసింది. "అన్నయ్యా, మీకు నెట్ వస్తందా? మాకు నిన్న సాయంత్రం నుంచీ లేదు. మా పిల్లోడు ఇయ్యాళే కాలేజీ దరఖాస్తు పెట్టాల."

ముందు గదిలో పిన్ని ఫోన్లో సీరియల్ నడుస్తోంది. ఆ ఫోన్లో కొత్త పాస్‌వర్డ్ ఎవరూ కొట్టలేదు.

ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. నెట్ పెట్టిన కుర్రాడు రెండిళ్ళకూ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ ఇచ్చి వెళ్ళాడు. వెనక వరండాలో సొంత సిగ్నల్ బలహీనం కావడంతో ఫోన్ పక్కింటి వైఫైని పట్టుకుంది.

"బాబాయ్, నిన్న మనం తాళం మార్చింది వాళ్ళింటికి. మనింటి తలుపు ఇంకా తెరిచే ఉంది!"

క్రాక్ లాంటి లోపాన్ని వాడుకోవాలంటే నేర్పు కావాలి. ఎదుటివాళ్ళ నెట్‌లో దూరడానికి మాత్రం ఆ రోజు ఏ నేర్పూ, కనీసం దురుద్దేశమూ అవసరం కాలేదు. ఎవరూ మార్చని పాస్‌వర్డ్ ఒక్కటి సరిపోయింది. మీ రౌటర్ పేరు, వైఫై పాస్‌వర్డ్, సెట్టింగుల పాస్‌వర్డ్ ఈ రోజే మీ చేత్తో మార్చుకోండి. మార్చేముందు అది మీ రౌటరేనో కాదో చూసుకోండి.