‘రాలేనోళ్లు ముందే చెప్పండప్పా’: సవ్యాఖ్యానం

మూలం: రేపు సాయంత్రం ఆరుకు డేటాబేస్ వాళ్ల మీటింగు. ఉగ్గాణి, బజ్జీ, టీ ఉంటాయి. రాలేనోళ్లు ముందే చెప్పండప్పా.

అవతారిక: అనంతపురం వాట్సాప్ గుంపులో శుక్రవారం పుట్టిన వచనమిది. కర్త గుంపు అడ్మిన్ అని ప్రతీతి. పైకి తేటగా ఉంది గనుకనే వ్యాఖ్యకు పూనుకున్నాం.

రేపు = శనివారం. ఈ ఊరి ఇంజనీర్లలో చాలామందికి కొలువు బెంగళూరులో, అమ్మానాన్నలు ఇక్కడ. శుక్రవారం రాత్రి వాళ్లు రైలెక్కితేగాని మీటింగుకు మనుషులుండరు. తెల్లారి రైలు దిగి సందేశం చూసినవాడికి ‘రేపు’ ఆదివారమైపోతుంది. తేదీ వేయకుండా రాసినవాడు డేటాబేస్ మనిషే కావడం ఇందలి చమత్కారం.

ఆరుకు = ఆరు దాటాక. గంగలో పల్లె అంటే గంగ ఒడ్డున పల్లె అని అర్థం చెప్పుకున్నట్టే ఇక్కడా లక్షణ. సర్వర్ లెక్కలో ఇది యూటీసీ 12:30. సర్వర్లు బజ్జీలు తినవు గనుక ఆ చర్చ వదిలేద్దాం.

డేటాబేస్ వాళ్లు = పట్టికలు నమ్ముకుని బతికేవాళ్లు. వీరి కూటస్థుడు ఎడ్గర్ కాడ్. 1970లో, ఐబీఎంలో ఉండగా, సమాచారాన్ని పట్టికల రూపంలో చూడమని పత్రం రాశాడు.

ఉగ్గాణి = తడిపి పిండిన బొరుగుల తిరగమోత. దీనికి వ్యాఖ్య లేదు; తెలియనివారు సీమకు రావలెను.

రాలేనోళ్లు ముందే చెప్పండప్పా: గ్రంథమంతటికీ ముడి ఇక్కడే. ‘అప్పా’ చేరడంతో ఆజ్ఞ కాస్తా బతిమాలుకోవడమైంది, అది సరే. చెప్పనివాళ్లంతా వస్తున్నట్టే గదా అని పూర్వపక్షం. కాదు. చెప్పకపోవడం డేటాబేస్ భాషలో ‘నల్’, అంటే ఖాళీ గడి. అది అవునూ కాదు, కాదూ కాదు. చెప్పని ఇద్దరిని పక్కపక్కన పెట్టి వీళ్లిద్దరూ సమానమేనా అని అడిగితే ‘తెలియదు’ అంటుంది డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్.

ఇది వట్టి శుష్కతర్కం అనేవాళ్లు మన వానలెక్క చూడాలి. మూడు రోజుల వాన 12, 0, 18 మిల్లీమీటర్లు అయితే సగటు 10. నడిమి రోజు ఎవరూ కొలవక గడి ఖాళీగా ఉంటే డేటాబేస్ దాన్ని లెక్కలోంచి తీసేసి సగటు 15 అంటుంది. ఆ ఖాళీని సున్నా అనుకుని నింపితే మళ్లీ 10. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే నేల ఇది. వానకొలతను బట్టి పంటబీమా కట్టిచ్చే విధానంలో వేరుశనగ రైతు బతుకు ఆ గడిలో ఉంటుంది. వాన పడలేదా, పడిందని రాయలేదా?

మస్టరు కూడా అంతే. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది ఈ గడ్డ మీదే, నార్పల మండలం బండ్లపల్లిలో. హాజరు గడి ఖాళీగా ఉంటే కూలి రానట్టా, మేటు రాయనట్టా? కూలిడబ్బులు ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి.

విశేషం: కాడ్ తన 1990 నాటి పుస్తకంలో ఈ లేమిని రెండు రకాలు చేశాడు: విలువ ఉండాల్సిందే గాని చేతికి రానిది ఒకటి, అసలు వర్తించనిది ఇంకొకటి. తెలుగువాడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో అభావం నాలుగు విధాలు. ఇంకా ఎక్కించని గడి ప్రాగభావం, చెరిపేసినది ప్రధ్వంసాభావం, ఏనాటికీ ఉండనిది అత్యంతాభావం, ఒకే పేరున్న ఇద్దరు కూలీలను ఒకే మనిషిగా కలిపేస్తే అన్యోన్యాభావం తెలియనట్టు. ఈ పద్దులో అన్నంభట్టుదే పైచేయి అని మా తీర్పు.

తాత్పర్యం: గుంపులో అరవై మంది. రాలేమన్నవాళ్లు నలుగురు. యాభై ఆరు ప్లేట్లు చెప్పారు, పదకొండు మంది వచ్చారు. కాబట్టి వచ్చే నెల పాఠాన్ని ‘వచ్చేటోళ్లూ, రాలేనోళ్లూ ముందే చెప్పండప్పా’ అని దిద్దవలసిందిగా అడ్మిన్‌కు మనవి. తేదీ కూడా వేయండి.