‘ఏం లేదండీ, పళ్ళొస్తున్నాయి, అంతే!’ – సటీకాతాత్పర్యము

మూలము: "ఏం లేదండీ, పళ్ళొస్తున్నాయి, అంతే!"

అవతారిక: పశ్చిమ మారేడ్‌పల్లిలోని మా యింట, మూడవ అంతస్తున, ఏడు నెలల మనుమరాలు పగలెల్ల గుక్కపట్టి, రాత్రియెల్ల ఆరున్నొక్క రాగము తీయుచుండగా, దానిని చూడవచ్చినవారును, మెట్లమీద ఎదురైనవారును, లిఫ్టు తలుపు మూసికొనబోవుచు తల వెలికి పెట్టి పలుకరించినవారును ఏకకంఠముగా ఉచ్చరించిన యీ వాక్యమునకు కర్త యెవరో తెలియరాదు. ప్రతివారును తమ పెద్దలవలన వినినదే చెప్పుచున్నారు గాని, తాము రచించితిమన్నవారు కానరారు. కావున దీనిని వేదమువలె అపౌరుషేయమని గ్రహించి, తగిన భయభక్తులతోనే వ్యాఖ్యానింపవలసి యున్నది. భేదమొక్కటే. వేదము చెప్పువారికి శౌచనియమములు కలవు. ఇది చెప్పువారికి ఉన్న నియమమెల్ల శిశువును ఎత్తుకొనకుండుటయే. కాఫీ త్రాగుటకు మాత్రము ప్రతిషేధము లేదు.

వ్యాఖ్య: పళ్ళు అనగా దంతములు, వచ్చుట అనగా ఆగమనము అని ప్రతిపదార్థము వ్రాయుట పరీక్షల గైడులవారి పని గనుక దానిని వారికే విడిచిపెట్టుచున్నాను. మెదకుసీమలోని కొలిచెలమ గ్రామమున పుట్టి, కాళిదాసునకు సంజీవని వ్రాసి, మూలమున లేనిదానిని వ్రాయననియు, అక్కరలేనిదానిని పలుకననియు ప్రతిజ్ఞ పట్టిన మల్లినాథసూరి మా మారేడ్‌పల్లికి ఒకపూట ప్రయాణములోని మహానుభావుడే యైనను, ఆయన ప్రతిజ్ఞ సికింద్రాబాదు పొలిమేర దాటి లోనికి వచ్చినట్లు కనబడదు. ఇచ్చట మూలమున లేనిదే వ్యాఖ్యానము, అక్కరలేనిదే పరామర్శ.

ఈ మూలమునకు అనుబంధముగా ఒక ప్రశ్న కలదు: "ముందు పైపళ్ళా, కిందిపళ్ళా?" పై అంతస్తునందలి పెద్దావిడ దీనిని అడుగునప్పుడు ఆమె చూపు శిశువుమీద నుండదు, సోఫాలో సెల్లు చూచుకొనుచున్న మా అబ్బాయిమీద నుండును; ఏలయన పైపన్ను ముందు మొలచిన శిశువు మేనమామకు గండమని మన తెనుగిండ్లలో అనాదిగా ఉన్న నమ్మకము. దీనిని మూఢవిశ్వాసమని త్రోసివేయువారు ఇతిహాసపురాణములను సరిగా చదువనివారు. మేనమామలలో మొదట గణింపవలసినవాడు కంసుడు. అయితే అతడు దేవకికి తోడబుట్టినవాడు కాడు. ఉగ్రసేనుని కుమారుడు, ఆమె ఉగ్రసేనుని తమ్ముడగు దేవకుని కూతురు. పినతండ్రి కూతురి బిడ్డకు పైపన్ను ముందు వచ్చినచో ఆ గండము వరుసకు మేనమామ యైనవానికి కూడ సోకునా, లేక ఏకోదరునికి మాత్రమేనా యన్న ధర్మసూక్ష్మము ఇచ్చట పుట్టుచున్నది. మథురలో జరిగినదానిని బట్టి సోకుననియే నిర్ణయింపవలెను. పోనిండు, కృష్ణునకు ముందు మొలచినది పైపన్నా, క్రిందిపన్నా? భాగవత దశమస్కంధమున ఆ శిశువు నోటిలోనికి యశోద రెండు మారులు చూచినది: పాలు త్రాగి ఆవులించినప్పుడొకమారు, మన్ను తిన్నాడని చెలికాండ్రు కొండెములు చెప్పినప్పుడు మఱియొకమారు. రెండు మారులును ఆమెకు భూమి, సముద్రములు, పర్వతములు, సూర్యచంద్రులు కనబడిరే కాని చిగురుమీద పన్ను పొడిచినదో లేదో వ్యాసుడు వ్రాయలేదు. లోకములన్నియు కనబడిన నోటిలో పన్నొక్కటి కనబడకపోవుట ఎంత వింత! మన్ను తినుట మాత్రము చిగుళ్ళు సలుపుచున్న శిశువు లక్షణమే, చేతికందినదెల్ల నోట పెట్టుకొనుటయే గదా ఆ దశ. కాని ఒక పన్నుకు సంబంధించిన సమాచారమును దాచి విశ్వమంతటిని చూపిన ఆ ఘట్టమువలన మేనమామల శాస్త్రమునకు కలిగిన నష్టము తీరనిది.

శకునివిషయము ఇంతకంటె క్లిష్టము. అతనికి మేనల్లుండ్రు నూర్గురు, మేనకోడలు దుస్సల యొకతె. అనగా పైపంటి గండములు నూటయొకటి రాదగియున్నవి. వానిలో ఏది తగిలినదో కనిపెట్టవలసిన తల్లి గాంధారి కన్నులకు గంత కట్టుకొన్నది! నకులసహదేవుల మేనమామ శల్యుడును, కౌరవుల మేనమామ శకునియు యుద్ధమున పదునెనిమిదవనాడే, ఒకే దినమున కూలిరి. వారిని కూల్చినవారు ధర్మరాజసహదేవులని భారతము. వ్యూహములు, శపథములు, అస్త్రములు అని పండితులు చెప్పుకొనుచున్న కారణములన్నియు పైపై కారణములే యని, పైపన్నే అసలు కారణమని మా పై అంతస్తు పెద్దావిడ యెదుట నే నొకనాడు సిద్ధాంతీకరింపగా, ఆమె ఏమాత్రము చిరునవ్వు నవ్వక, "మరి అదేగదండీ నేను చెప్పేది" అనినది.

ప్రకృతమనుసరింతము.

సంప్రదాయమున ఈ సూత్రమునకు ఆధారము లేకపోలేదు. కాశ్యపసంహితలో దంతజన్మమునకు ప్రత్యేకముగా ఒక అధ్యాయమే కలదు. పండ్లు ఏ నెలలో వచ్చిన ఏ ఫలమో, వచ్చుతీరులు నాలుగు విధములెట్లో అందు విచారింపబడినది. వాగ్భటుడు అష్టాంగహృదయమున ఉత్తరస్థానమునందు దంతోద్భేదము సర్వరోగములకును కారణము కాగలదనియు, పిల్లికి వెన్ను విరిగినప్పుడును, నెమలికి సిగ మొలచునప్పుడును, శిశువునకు పండ్లు వచ్చునప్పుడును బాధపడని అవయవముండదనియు చెప్పెను. నెమలిని శిశువు ప్రక్కన నిలిపిన ఆ వైద్యుని చూపునకు చేయెత్తి మ్రొక్కవలసినదే. మనవారికి ఇంతవఱకు బాగుగ జ్ఞాపకము. కాని ఆయనయే అదే అధ్యాయమున, ఈ బాధలు పండ్లు వచ్చిన పిమ్మట తమంత తామే శమించును గనుక శిశువును చికిత్సలతో మిక్కిలి నిర్బంధింపవలదని హెచ్చరించెను. ఇది ఒక్కరికిని జ్ఞాపకము లేదు. సర్వరోగకారణమన్న సగము మాత్రము పట్టుకొని, ఆముదము, వాము కషాయము, కరక్కాయ గంధము, గ్రైపువాటరు అని పదుగురు పది గిన్నెలతో బయలుదేరుట ఏ వ్యాఖ్యాతృధర్మము?

క్రింది అంతస్తులోని తమిళ మామిగారు – మారేడ్‌పల్లిలో తరతరాలుగా కాపురమున్న తమిళ కుటుంబములు పెక్కు గలవు గదా – వసకొమ్ము కాల్చి, అరగదీసి, నాలుకకు రాయుమనిరి. వారి భాషలో దానికి పేరు చెప్పరాని మందు అని పేరట. పేరు చెప్పరానిదానిని గూర్చి ఆమె ముప్పావుగంట చెప్పిరి. వస పోసిన పిల్లకు మాటలు త్వరగా వచ్చునని మనలో ప్రతీతి. మా యింటికి వచ్చినవారి నందఱిని చూచిన పిదప, ఆ మందు ఒక తరమువారికి మోతాదు మించి పడినదని నాకు రూఢియైనది.

పడమటి దేశములవారు ఈ విషయమున మనకంటె వివేకులని ఎవరైన తలచినచో అదియు పొరపాటే. పదునాఱవ శతాబ్దమున ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రోస్ పారే పన్ను వెలికి రాలేకున్నదని శిశువుల చిగుళ్ళు కోయు పద్ధతిని పెట్టగా, అది కొన్ని శతాబ్దములు నడచినది. ఇంగ్లండు, వేల్సులలో 1839వ సంవత్సరపు మరణముల లెక్కలో 5,016 మరణములకు పండ్లు వచ్చుటయే కారణమని వ్రాసికొనిరి. పండ్లు వచ్చు వయస్సును, శిశువులు అతిసారములతోను జ్వరములతోను పోవు వయస్సును ఒకటే యగుటచే, చూడని రోగములన్నియు పంటి పద్దులో జమయైనవి. చిగుళ్ళ బాధకని అమ్మిన చూర్ణములలో పాదరసపు లవణము కలిపిరి. దానివలన చేతులు, పాదములు ఎఱ్ఱబారి, పొట్టులేచి, నిద్ర లేక రేయింబవళ్ళు ఏడ్చు వ్యాధి శిశువులకు వచ్చినది. ఆ ఏడుపు విని ఇరుగుపొరుగువారు ఏమని యుందురో వేఱుగ చెప్పవలెనా? ఆ చూర్ణములు 1950 దశకమున అంగళ్ళనుండి పోయిన పిమ్మట ఆ వ్యాధియు పోయినది. మొద్దుబారుటకు చిగుళ్ళకు రాయు బెంజొకైన్ లేపనములను రెండేండ్లలోపు పిల్లలకు వాడరాదని అమెరికా ఔషధశాఖ 2018లో గట్టిగా చెప్పినది. అవి అరుదుగా రక్తము ప్రాణవాయువును మోయు శక్తినే చెఱచునట. అమెరికాలోని మా బంధువు ఆ గొట్టమునే పంపుదునని ఇప్పటికిని ఫోను చేయుచున్నాడు.

క్లీవ్‌లండులో కొందఱు వైద్యులు 125 మంది శిశువులను, వారికి మొలచిన 475 పండ్లను తల్లిదండ్రులచేత దినదినము గుర్తు పెట్టించి 2000లో ప్రకటించినది చదివితిని. చొంగ కార్చుట, కనబడినదెల్ల కొఱుకుట, చిరాకు, ఒంటివేడి స్వల్పముగా హెచ్చుట – ఇవి పన్ను పొడుచుటకు నాలుగు దినములు ముందునుండి మూడు దినముల తరువాతివఱకు కొంత హెచ్చునట. 102 డిగ్రీలు దాటిన జ్వరమునకు మాత్రము పంటితో సంబంధము కానరాలేదట.

ఇచ్చట నా గాంభీర్యము కొంచెము సడలిన చదువరులు మన్నింతురు గాక. మా మనుమరాలికి జ్వరము 102 దాటిన రాత్రి, మా అమ్మాయి డాక్టరు దగ్గఱకు పోదమని లేవగా, కుర్చీలో కాలుమీద కాలు వేసికొని కూర్చున్న ఒక పెద్దమనిషి చేయి విసరి, "ఎందుకమ్మా కంగారు? ఏం లేదు, పళ్ళొస్తున్నాయి, అంతే!" అనెను. ఆ ‘అంతే’తో మఱియొక రాత్రి గడచినది. పిల్ల కుడిచెవి పట్టి లాగుకొనుచు, పరుపుమీద తల రుద్దుకొనుచు, పాలు నోటికి తీసికొని రెండు గుక్కలకే విడిచి కేక పెట్టెడిది. అదియు పంటి లక్షణమే యని తీర్మానము జరిగినది. మఱునాడు వైద్యుడు చెవిలో దీపము వేసి చూచి, లోపల ఎఱ్ఱగా వాచి యున్నదని చెప్పి మందిచ్చినాడు. చెవిపోటును పంటిపోటని చెప్పిన పెద్దమనిషి తిరిగి వచ్చినప్పుడు, "అవును, పళ్ళొచ్చేటప్పుడు చెవులు కూడా పోటు పెడతాయి" అనెను. శాస్త్రము ఓడినను భాష్యము ఓడదు. తెల్లవాఱులు పిల్లను భుజమున వేసికొని వరండాలో తిరిగి, ఎనిమిది గంటలకు హైటెక్ సిటీలోని కార్యాలయమునకు పోవు నా కూతురి ముఖము చూచి, "నీ పాలు చాలడం లేదేమో" అని అడిగినవారి మాటకు టీక వ్రాయుటకు నాకు వచ్చిన సంస్కృతమును చాలదు, తెనుగును చాలదు.

ఉపశమనవిధిని గూర్చి సంగ్రహముగా. శుభ్రముగ కడిగిన వ్రేలితో చిగురును మెల్లగా రాయుట; తడిపి, ఫ్రిజ్జులో చల్లపఱచిన మెత్తని గుడ్డను కొఱుకనిచ్చుట; ఎత్తుకొని తిరుగుట. ఇంతకు మించి పెద్దగా ఏమియు లేదు. బంధువులు తెచ్చిన సిలికాను వలయములు, వెండి గిలకలు అన్నింటిని మా మనుమరాలు విసరికొట్టి, ఒకనాటి సాయంకాలము నా ఒడిలో కూర్చుండి, ఎదుట తెఱచియున్న బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరమును తనవైపునకు లాగుకొని, దాని కాలికో అట్ట మూలను రెండు చేతులతో పట్టి, కన్నులు సగము మూసి, నమలసాగినది. ఏడుపు ఠక్కున ఆగినది. 1885లో తొలిసారి అచ్చయినప్పటినుండి ఆ నిఘంటువును పండితులు పెక్కుమంది నమిలిరి గాని, ఇంత తృప్తిగా నమిలినవారిని నేనెఱుగను. మా అమ్మాయి పరుగున వచ్చి, దుమ్ము, బూజు అని కోపపడి, పుస్తకమును అటుకమీద పెట్టినది. ఏడుపు మరల మొదలయ్యెను. మెట్లమీద చెప్పుల చప్పుడు వినబడినది. మూలవాక్యము లోపలికి ప్రవేశించినది.

మొన్న ఉదయము అన్నము మెత్తగా చేసి పెట్టుచుండగా వెండి చెంచా పిల్లనోట ఠంగుమని మ్రోగినది. క్రిందిచిగురున, నడిమిభాగమున, బియ్యపు నూకంత తెలుపు. మేనమామ సురక్షితుడు. పై అంతస్తు పెద్దావిడ దిగివచ్చి, చూచి, గడ్డము పట్టుకొని, "నేను చెప్పలేదూ?" అనినది. పాలపండ్లు మొత్తము ఇరువది. మూడేండ్లు నిండునప్పటికి గాని అన్నియు రావు. అనగా ఈ సూత్రమును మా యింట ఇంకను పందొమ్మిది మారులు వినవలసి యున్నది.