మద్దెలల దుకాణం

ఆడలేక మద్దెల ఓడు అన్నవాడి మీద మనకు సామెత ఉంది. ఆ మాట చెవిన పడగానే పక్కనే మద్దెలల దుకాణం తెరిచినవాడి మీద మాత్రం లేదు. ఉండాల్సింది. ఎందుకంటే హైదరాబాద్ జగదీశ్ మార్కెట్ మొదలుకొని మండల కేంద్రంలో రీఛార్జి కొట్టు దాకా, మేకులకు వేలాడుతున్న ఆ ప్లాస్టిక్ ప్యాకెట్లన్నీ ఆయన సరుకే. ట్రిగర్లు, ఫింగర్ స్లీవ్‌లు, తెరకు అంటించే జాయ్‌స్టిక్‌లు, కూలింగ్ ఫ్యాన్లు, సగం సామాను కలిపి బిగించిన ‘సిక్స్ ఇన్ వన్’. పబ్జీకి భారతీయ రూపమైన బీజీఎంఐలో పారాచూట్ దిగీ దిగకముందే లాబీకి తిరిగొచ్చే కుర్రాడికి ఇవన్నీ చెప్పే ఓదార్పు ఒకటే: తప్పు నీది కాదు తమ్ముడూ, నీ ఫోన్‌ది. అదీ కాకపోతే నీ వేళ్ళది.

ముందు ట్రిగర్ సంగతి చూద్దాం. ఫోన్ పై అంచుకు క్లిప్పులా కరుచుకుంటుంది. పైన ఒక మీట, కింద తెరకు ఆనే చిన్న ముక్క. చూపుడు వేలితో మీట నొక్కితే ఆ ముక్క పోయి ఫైర్ బటన్‌ను తాకుతుంది. ఒంటి తాకిడికి తన విద్యుత్ క్షేత్రంలో వచ్చే మార్పును పసిగట్టే తెర గనుక, వేలి సంగతి ఆ ముక్క గుండా దానికి చేరుతుంది. అంటే తెరను భేషుగ్గా తాకగలిగిన వేలు, అదే తెరను తాకడానికి మధ్యలో ఒక దళారిని పెట్టుకుందన్నమాట. దళారి అన్నాక కమీషన్ ఉండదా? ఈ ఆటలో మినీ మ్యాప్ ఉండేది తెర కుడి పైమూలన. శత్రువు అడుగుల జాడ కనిపించేది అందులోనే. కుడి ట్రిగర్ కాలు చాపుకుని కూర్చునేదీ తరచు ఆ దరిదాపుల్లోనే. ఎవడో వెనకనుంచి వచ్చి తాపీగా కాల్చిపోతాడు. మనవాడు మైకులో "మ్యాపులో అసలు చూపించలేదురా!" అని గగ్గోలు పెడతాడు. చూపించింది నాయనా, ప్లాస్టిక్ కింద చూపించింది.

"పెట్టి చూడన్నా, రీకాయిల్ జీరో" అంటాడు కొట్టులో కుర్రాడు. ఎం416 పేల్చినప్పుడు తుపాకీ ఎంత ఎగరాలో ఆట రాసినవాళ్ళు లెక్క కట్టి పెట్టారు. స్ప్రింగు బిగించిన మీటకు ఆ లెక్కతో చుట్టరికం లేదు. ఎగిరే గురిని దించేవి ముఖ్యంగా రెండు: బొటనవేలిని కిందికి లాగే అలవాటు, తుపాకీకి తగిలించే గ్రిప్పు, కాంపెన్సేటర్ వగైరా. ఆ సామానంతా ఆటలో ఇళ్ళ నేల మీద ఊరికే పడి ఉంటుంది. మనవాడు దాన్ని ఏరుకునే ఓపిక లేక తలుపు దాటి దూకుతాడు. తర్వాత అసలు డబ్బులు పోసి బజార్లో సామాను కొంటాడు.

ఫింగర్ స్లీవ్ కాస్త నిజాయతీ గల సరుకు. వేలి చెమట తెర మీద అతుక్కోకుండా చూస్తుంది, అంతే. కానీ ప్యాకెట్ మీద రాసిన పౌరుషం చదివితే ఏకలవ్యుడు తొందరపడ్డాడనిపిస్తుంది. బొటనవేలు కోసిచ్చే బదులు దానికి చొక్కా తొడిగితే పోయేది. కూలింగ్ ఫ్యాన్‌లోనూ కాస్త సరైన రకాలు లేకపోలేదు. పెల్టియర్ పలక ఉన్నది ఒక వైపు చల్లబడి, రెండో వైపు వేడిని ఫ్యాన్‌కు తోస్తుంది. వేడెక్కిన ఫోన్ వేగం తగ్గించుకోకుండా అది ఆపగలదు. మనవాడు దాన్ని బిగించేది మాత్రం మందపాటి రబ్బరు కవరు మీద. ఫోన్ లోపల ఉడుకుతుంటుంది, కవరుకు చలేస్తుంటుంది.

అసలు బటన్లు లేని ఫోనే గొప్పదని మనకు నేర్పింది ఎవరు? 2003లో నోకియా ఎన్-గేజ్ బటన్లన్నీ ఫోన్‌లోనే పెట్టి ఇచ్చింది. దాన్ని అడ్డంగా నిలబెట్టి చెవికి ఆనించి మాట్లాడాల్సి వస్తే లోకం నవ్వింది. 2007లో ఐఫోన్ వచ్చి దాదాపు మీటలన్నిటినీ ఊడబీకితే లోకం చప్పట్లు కొట్టింది. 2011లో ఎక్స్‌పీరియా ప్లే జారే గేమ్‌ప్యాడ్‌తో వచ్చింది, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు ఊడబీకిన ఆ మీటలనే జతల లెక్కన కొని, ఫోన్‌కు మళ్ళీ తగిలిస్తున్నాం.

పోనీ, మంచి కంట్రోలరే కొందామా? బ్యాక్‌బోన్, రేజర్ కిషి లాంటివి దర్జాగానే ఉంటాయి. కన్సోల్ నుంచి ఫోన్‌కు ఆట రప్పించుకునేవాడికి, కారు రేసులు ఆడేవాడికి అవి హాయి. కానీ మనవాడికి కావాల్సిన బీజీఎంఐ ఫోన్‌లో గేమ్‌ప్యాడ్‌కు అధికారికంగా తలూపదు. మధ్యలో మ్యాపింగ్ యాప్ పెట్టి మాయ చేస్తే ఐడీ ఎగిరిపోయే ముప్పుంది. కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్ కంట్రోలర్‌ను రానిస్తుంది గానీ, కంట్రోలర్ పట్టినవాణ్ణి కంట్రోలర్ పట్టినవాళ్ళ మధ్యకే పంపిస్తుంది. ఇక బహుమతి డబ్బులుండే అధికారిక పోటీల్లో ట్రిగర్లూ కంట్రోలర్లూ గుమ్మం బయటే. ప్యాకెట్ మీదేమో ‘ప్రో’. ప్రోలు ఆడే చోటేమో అది నిషిద్ధం.

చేతులు సహకరించనివాళ్ళ కోసం నిజంగా ఆలోచించి చేసిన పరికరమూ లోకంలో ఉంది. మైక్రోసాఫ్ట్ 2018లో తెచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ అలాంటిది. రెండు పెద్ద బటన్లు, వెనక వరసగా సాకెట్లు. మోచేత్తో నొక్కేవారు మోచేత్తో, పాదంతో నొక్కేవారు పాదంతో, ఎవరికి అనువైన మీట వాళ్ళు తగిలించుకోవచ్చు. అక్కడ పరికరం మనిషి అవసరం వెతుక్కుంటూ వచ్చింది. మన ప్యాకెట్లు మాత్రం పది వేళ్ళూ నిక్షేపంగా ఉన్న కుర్రాణ్ణి పట్టుకుని, నీకు వేళ్ళు చాలవురా అని నమ్మిస్తున్నాయి.

2020 సెప్టెంబరులో మన దేశంలో పబ్జీ మొబైల్‌ను నిషేధించారు. 2022 జులైలో బీజీఎంఐ కూడా స్టోర్ల నుంచి మాయమై, 2023 మేలో తిరిగొచ్చింది. ఇన్ని గండాల్లోనూ దుకాణం మూతపడలేదు. ఆట పోయినంత మాత్రాన ఆడలేకపోవడం ఎక్కడికి పోతుంది?

ఇంతకీ, ఎందుకు ఓడిపోయామో ఉన్నదున్నట్టు చూపించే సాధనం ఒకటి లేకపోలేదు. పైసా ఖర్చులేకుండా ఆటలోనే పెట్టారు. పేరు డెత్ రీప్లే. చంపినవాడి కళ్ళతో మనల్ని మనం చూసుకోవచ్చు: చెట్టు వదిలేసి మైదానంలో నిలబడి, శవం జేబులు వెతుకుతూ. మనవాడు ఆ బటన్ నొక్కడు. లాబీకి పోయి, ఈసారి మెటల్ ట్రిగర్ రేటెంతో కనుక్కుంటాడు.