శాస్త్రప్రమాణ స్వబోధిని

ఏ విద్యకైనను గురువు కావలయును, గ్రంథము కావలయును, కొన్ని రాత్రులైనను దీపము ముందు కూర్చుండవలయును. ఈ మూడింటిలో నే యొక్కటియు నక్కరలేక, కేవలము గొంతుబలిమిచేతనే సిద్ధించు విద్య యొకటి మన నడుమ గలదు. "అది శాస్త్రములో నున్నది" యని నలుగురిలో నిబ్బరముగా పలికి, ఎదుటివాని నోరు మూయించుటయే యా విద్య. జనగామ బస్టాండు ఎదుటి చాయ్ హోటళ్లలోను, మానుకోట స్టేషనులో గోల్కొండ కొరకు కనిపెట్టుకొని యుండువారి బెంచీలమీదను, భూపాలపల్లి బొగ్గుగనులలో మొదటి షిఫ్టు దిగి వచ్చినవారి ముచ్చట్లలోను ఈ విద్యయం దారితేరినవారు తరచుగా దర్శనమిత్తురు. దీనికి మతభేదము లేదు. వయోభేదము అంతకన్న లేదు. అట్టి ప్రవీణుల పద్ధతులను శ్రద్ధతో గమనించి, క్రొత్తగా అభ్యసింపదలచువారి సౌకర్యార్థము కొన్ని సూత్రములుగా కూర్చుచున్నాను.

మొదటి సూత్రము: పుస్తకమును తెరువరాదు.

ఇది మూలసూత్రము, తక్కినవన్నియు దీని వ్యాఖ్యానములే. పుస్తకమునకు పసుపు కుంకుమలు పెట్టవచ్చును, పట్టుగుడ్డ చుట్టవచ్చును, కన్నుల కద్దుకొనవచ్చును. విప్పి చదువుట మాత్రము ప్రమాదకరము. జనగామ జిల్లా పాలకుర్తి మండలమున వల్మిడి యను గ్రామము గలదు. గుట్టపైన రామాలయము గలదు. వాల్మీకి మహర్షి యిచ్చటనే తపస్సు చేసి రామాయణము రచించెనని ఆ ప్రాంతమువా రెంతో ఆప్యాయముగా చెప్పుకొందురు. ఆ గుట్టయు, ఆ గుడియు, ఆ కథయు వారి సొత్తు. దానిని ప్రేమించుటకు ఎవరి సాక్షిసంతకమును వారికి అక్కరలేదు. అయితే మన విద్యార్థి అంతటితో తృప్తిపడరాదు. "రామాయణములోనే వ్రాసియున్నది" యని చేర్చవలయును. చేర్చి, వెంటనే మాట మార్చవలయును. మార్చకున్న నేమగునో చూడుడు. ఒక యింట పండుగ భోజనము ముగిసిన పిమ్మట నొక పెద్దమనిషి యీ మాట యనగా, ఇంటర్ చదువు మనుమరాలు,

"ఏ కాండల ఉన్నది తాతా?" అన్నది.

"అన్ని కాండలల్ల ఉంటది బిడ్డా. పెద్దోళ్లు చెప్తె వినాలె."

"పుస్తకం అటకమీదనే ఉన్నది గద, దించుకొస్త."

దించినది, దుమ్ము దులిపినది, బాలకాండము రెండవ సర్గము తీసినది. అందు మహర్షి స్నానమునకు పోయినది తమసానదికి. ఆ తమస గంగకు దూరము కాదని అచ్చటనే యున్నది. బోయ బాణమునకు క్రౌంచము నేలగూలినదియు ఆ యొడ్డుననే. పెద్దమనిషి కొంతసేపు కండువా సవరించుకొని, "గది వేరే రామాయణం" అనెను. మహర్షిపై పుట్ట పెరిగిన కథకై ఆ పిల్ల ఏడు కాండములును తిరుగవేసినచో నదియు దొరకదు. ఉత్తరకాండమున ఆయన తాను ప్రచేతసుని పదవ కుమారుడనని చెప్పుకొనును గాని పుట్ట యూసెత్తడు. లక్ష్మణుడు గీసిన గీత సంగతియు నింతే. తెలుగున రంగనాథరామాయణమున గానవచ్చునే గాని వాల్మీకిలో గానరాదు. ఇట్టివి తెలిసినకొలది మాట ధాటి తగ్గును. కావున అటకమీది పుస్తకమును అటకమీదనే యుండనిండు.

రెండవ సూత్రము: చోటు విషయమున సంకోచము వలదు.

బంగారులేడిని తరుముచు రాముడు జనగామ చేరువ జీడికల్లుకు వచ్చెనని యచ్చటివారందురు. ఆ కథ తమ పరిసరములదేయని భద్రాచలము దాపున పర్ణశాలవారందురు. ఇరువురును పొరబడితిరని నాసిక్ పంచవటివారందురు. అరణ్యకాండమున అగస్త్యుడు పంచవటి తన యాశ్రమమునకు రెండు యోజనముల దూరమున, గోదావరి చెంత నున్నదని చెప్పి యూరకుండెను. గోదావరి పొడవు సుమారు 1,465 కిలోమీటర్లు. వాదించుకొనువారికి అంత యొడ్డు చాలును.

భూపాలపల్లి జిల్లా రేగొండ మండలపు పాండవుల గుట్టలును ఇట్టివే. ఆ రాతి చరియలక్రింద చరిత్రపూర్వ మానవులు రంగులతో వేసిన జంతువుల చిత్రములు గలవని 1990 ప్రాంతమున వెల్లడియైనది. ఆ రంగు లెవరు నూరిరి, ఆ మృగమును చూచి యెవరు బెదరిరి యను విచారణ మనకేల? భీముడు పరున్న చోటిది యనిన చాలును. పాండవులు అరణ్యమున నున్నది పండ్రెండేండ్లు. దేశమున వారి పేర వెలసిన గుహలన్నింటను పరుండవలయునన్న పూటకొక గుహ మారవలసివచ్చును. కాని ఆ లెక్క శ్రోత వేయడు. శ్రోతకు లెక్క వేయు తీరిక నిచ్చుట వక్త లోపము.

మూడవ సూత్రము: కనబడని దానినే ప్రతిపాదింపుడు.

కాళేశ్వరమున ప్రాణహిత గోదావరితో కలియును. ఈ రెండును కనబడును. కనబడుటచేతనే వాదమునకు కొరగావు. మూడవదియైన సరస్వతి అంతర్వాహిని. 2025 మే 15 నుండి 26 వరకు ఆ నదికి పుష్కరములు జరిగి, జనము వేలకువేలుగా మునిగి వచ్చినారు. మునిగినవారి భక్తిని కాదనుటకు మనమెవరము? మన విద్యకు కావలసిన దంతకంటె పెద్దమాట: "వేదములోని సరస్వతి యిదియే." ఋగ్వేదము పదవ మండలపు డెబ్బదియైదవ సూక్తమున గంగ, యమున, సరస్వతి, శుతుద్రి యని వరుసగా నదులు రాగా, శుతుద్రి పంజాబు సట్లెజ్ యని పండితులు చెప్పుచుండగా, వాని నడుమనుండి ఆ తల్లి మంథని అడవులకెట్లు వచ్చెనని యెవరైన నడిగిన, భూమిలోనుండి వచ్చెననవలయును. భూమిని త్రవ్వి చూచువాడు లేడు. కాళేశ్వరమున్న భూపాలపల్లి జిల్లాలోనే, సంగమమునకు దిగువ, మేడిగడ్డ బరాజు స్తంభములు 2023 అక్టోబరులో క్రుంగినప్పుడు ఇంజనీర్లు వచ్చిరి, విచారణసంఘము వచ్చెను, కాగితము కాగితమునకు సంజాయిషీ అడిగిరి. కనబడు నదితో నిన్ని తిప్పలు గలవు. కనబడని నదికి క్యూసెక్కులు లేవు, సంజాయిషీ లేదు.

ఏ పురాణములో నున్నదని గట్టిగా నిలదీసినచో తడుముకొనక స్కాందము పేరు చెప్పుడు. ఎనుబదియొక్క వేల శ్లోకములని దానికి ప్రసిద్ధి. దేశమునగల స్థలమాహాత్మ్యములలో ననేకము తాము దానిలోని భాగములమేయని చెప్పుకొనును. నేపాళమున దొరకిన తొమ్మిదవ శతాబ్ది ఆరంభపు తాళపత్రప్రతికిని, నేడు అచ్చున నున్న ఖండములకును పొత్తు స్వల్పము. కావున అందు లేదని నిరూపించుటకు ఎదుటివాని యాయుష్షు చాలదు.

నాలుగవ సూత్రము: చెదలను సాక్ష్యమునకు పిలువుడు.

పాలకుర్తి దాపుననున్న బమ్మెర పోతన యూరని మన నమ్మకము. కడప సీమవారు ఒంటిమిట్ట యందురు. భాగవతావతారికలోని ఏకశిలానగరము ఓరుగల్లని కొందరును, ఒంటిమిట్టయని వీరేశలింగముగారు మొదలగువారును వాదించిరి. ఆ వాదమున ఉభయపక్షములవారును పుస్తకము తెరచియే తగవులాడిరి గనుక వారు మనకు ఆదర్శులు కారు. మనకు పనికివచ్చునది చెదల కథ. కృతి నంకితమీయలేదను కినుకతో రాజు భాగవతమును పాతిపెట్టించెననియు, త్రవ్వి తీయునప్పటికి కొన్ని భాగములను చెదలు తినెననియు ఒక ప్రతీతి. పంచమస్కంధము గంగనది, షష్ఠము సింగనది, ఏకాదశ ద్వాదశములు నారయవి యని ఆయా స్కంధముల చివరి గద్యలే చెప్పుచున్నవి. ఎందుచేత నట్లు జరిగినదో తేల్చవలయునన్న పరిశోధకుడు ప్రతులు ముందు వేసికొని కన్నులు పోగొట్టుకొనవలయును. మనకు ఒక్క పుట్టెడు చెదలు చాలును.

ఈ కీటకమునకు తోడు ప్రక్షిప్తమను మాటను గూడ దగ్గర నుంచుకొనుడు. అనుకూల శ్లోకము లేనిచోట చెదలు తినెననుడు. ప్రతికూల శ్లోకము ఉన్నచోట ప్రక్షిప్తమనుడు. పూనా భండార్కరు సంస్థవారు మహాభారతమున ఏది మూలమో ఏది ప్రక్షిప్తమో నిర్ణయించుటకై 1919లో పూనుకొని, దేశమున నానాలిపుల ప్రతులను పంక్తి పంక్తికి పోల్చి, 1966 నాటికి గాని ముగింపలేకపోయిరి. మన ప్రవీణుడు చాయ్ చల్లారకమునుపే తేల్చును.

అయిదవ సూత్రము: పరదేశీయుడు కనుగొనువరకు ఓపిక పట్టుడు.

విజ్ఞానశాస్త్ర విషయములలో తొందరపాటు కూడదు. విమానము వేదమునందే యున్నదని 1903కు పూర్వము ప్రకటించియుండినచో, "అయితే ఒకటి కట్టి చూపుడు" అనువారుందురు. రైటు సోదరు లెగిరిన పిదప ప్రకటించుట నిరపాయము. భరద్వాజుని పేర చెలామణియగు వైమానికశాస్త్రము అట్లే వెలువడినది. సుబ్బరాయశాస్త్రిగా రను నాయన దానిని 1918 మొదలు కొన్నియేండ్లు చెప్పుచు వ్రాయించెను. 1974లో బెంగుళూరు విజ్ఞానసంస్థకు చెందిన అయిదుగురు శాస్త్రజ్ఞులు దానిని చదివి, ఆ గ్రంథము ప్రాచీనము కాదనియు, అందలి విమానములు ఎగురజాలవనియు తేల్చిరి. చూచితిరా, మరల చదువుటచేతనే చిక్కు!

సాయణాచార్యుడు పదునాల్గవ శతాబ్దిలో ఋగ్వేద సూర్యసూక్తమునకు వ్యాఖ్య చేయుచు, అర నిమేషమునకు రెండువేల రెండువందల రెండు యోజనములు పోవువాడని సూర్యుని స్తుతించెను. దీనిని నేటి కాంతివేగముతో సరిపెట్టుట సులభము. యోజనమును ఒక గ్రంథ మొక విధముగా, వేరొకటి వేరొక విధముగా కొలుచును. నిమేషము సంగతియు నంతియే. ముందుగా జవాబును వ్రాసికొని, దానికి తగిన యోజనమును పిమ్మట ఎన్నుకొనుడు. ఏడవ తరగతి లెక్కల మాస్టరు దీనికి మార్కులు వేయడు గాని, సభలో చప్పట్లు వేయుదురు.

ఆరవ సూత్రము: ఎవరు చెప్పిరని యడుగనీయరాదు.

మహమ్మదీయ పండితులు బుఖారీ నాటికే, ప్రవక్త పలుకులుగా ప్రచారమున నున్న ప్రతి వాక్యమునకును ఎవరివలన ఎవరు వినిరను పరంపరను పరిశీలించి, నడుమ నమ్మరానివాడు తగిలినచో దానిని బలహీనమని ప్రక్కన బెట్టిరి. ఇది మన విద్యకు బహుహానికరము. నేడు ఆ బాధ తొలగినది. "ఈ వాక్యమును పదిమందికి పంపుడు, సాయంత్రమునకు శుభవార్త" యని మానుకోట బజారున ఒక ఫోను నుండి మరియొక ఫోనునకు దుముకు సందేశమునకు పరంపర యొక్కటే: "పలుమార్లు ఫార్వార్డ్ చేయబడినది."

అదే జిల్లా డోర్నకల్లున 1912లో బిషప్పైన అజరయ్యగారు ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన మొదటి భారతీయులు. అచ్చటి పెద్ద కతీడ్రల్ 1939లో ప్రతిష్ఠితమైనది. ఆ చుట్టుపట్ల ఇంటింట నుండు బైబిలులో, మత్తయి సువార్త 24వ అధ్యాయమున, అంత్యదినము దేవదూతలకైనను తెలియదని యున్నది. అయినను అమెరికాలో విలియం మిల్లరు లోకాంతమునకు 1844ను, హెరాల్డ్ క్యాంపింగ్ తీర్పుదినమునకు 2011 మే 21ని, బైబిలు లెక్కలచేతనే నిర్ణయించిరి. మరునాడు యథాప్రకారము తెల్లవారినది. దానివలన మన విద్యకు లోపము రాలేదు. క్యాంపింగుగారు అక్టోబరునకు వాయిదా వేసిరి. తేదీ చెప్పువారు వాయిదాను గూడ జేబులో నుంచుకొనవలయును.

కడపటి సూత్రము: శత్రువు నెరుగుడు.

నాస్తికుని జూచి భయపడవలదు. అతడు మన మిత్రుడు. అతడు నోరు విప్పగనే "దేవుడు లేడనువానికి శాస్త్రమేల" యని సభను మనవైపు త్రిప్పుకొనవచ్చును. మన కొంప ముంచువాడు నమ్మకము గలిగి చదువువాడు. వానికి సంప్రదాయమే వత్తాసు. స్తుతికై చెప్పిన వాక్యమును అక్షరార్థమున గ్రహింపరాదని, దానికి అర్థవాదమను పేరు పెట్టినవారు మీమాంసకులు, హేతువాదసంఘమువారు కారు. నిప్పు చల్లనిదని వంద శ్రుతులు చెప్పినను ప్రమాణము కాజాలదని గీతాభాష్యమున తేల్చినవాడు శంకరుడు. పాలకుర్తి సోమనాథుడు తన వీరశైవమును సమర్థింపబూని, సోమనాథభాష్యమున వేదపురాణవాక్యముల నేరి కూర్చెను. అనగా ఒప్పుకొననివాడు వెదకి చూచుకొనుటకు దారి తానే చూపెను. అట్టివాడు మన జనగామ జిల్లావాడగుట మన విద్యకు తీరని కళంకము.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను, ఏదో యొకనాడు ఎవరో పుస్తకము తెచ్చి ముందు పెట్టి, "ఎక్కడ ఉన్నదో మీరే చూపుండ్రి సారూ" అనక మానరు. అప్పుడు రెండు మార్గములు గలవు. కంటియద్దములు ఇంట మరచితినని లేచిపోవుట మొదటిది. ఎందరో మహానుభావులు నడిచి చదును చేసిన బాట. అద్దములు తుడిచి పెట్టుకొని, విషయసూచిక మొదలుకొని నెమ్మదిగా చదువబూనుట రెండవది. ఆ రెండవదాని పర్యవసానమునకు ఈ స్వబోధిని బాధ్యత వహింపదు. ఆ దారిని పోయినవారిలో పెక్కురు మరల మా తరగతికి రాలేదు.