ముందు మెట్టు సంగతి చూడండి

మెల్‌బోర్న్‌లో ఉన్న మా మనవరాలు ఫోన్ చేసిందంటే ట్రాముల పాటే. "తాతా, మన హైదరాబాద్ ఆబిడ్స్‌లోనూ ట్రామ్ ఉంటే ఎంత బాగుండేదో!" అంటుంది. ఉంటే ఏమయ్యేదో నన్నడగండి. ట్రామ్ పట్టా వదిలి అంగుళం పక్కకు జరగదు. పెద్ద పోస్టాఫీసు ముందు ఒక్క ఆటోవాలా పట్టాల మీద ఆపి బేరం మొదలుపెట్టాడా, నాంపల్లి దాకా బళ్ళన్నీ బారులు తీరాల్సిందే. బస్సయితే హారన్ కొట్టి, నాలుగు తిట్లు తిని, పక్కనుంచి దూరిపోతుంది. ఇక వానాకాలంలో మోజంజాహీ మార్కెట్ బురదంతా పట్టాల గాడిలోకే. అది రోజూ తవ్వేదెవరు? మద్రాసులో 1895లో మొదలైన ట్రాములే 1953లో ఆగిపోయాయి.

మా రోజుల్లో మాకు డబుల్ డెక్కర్ ఉండేది. సికింద్రాబాద్ నుంచి ట్యాంక్‌బండ్ మీదుగా ఊగుకుంటూ ఆబిడ్స్‌కొచ్చేది. వెనకాల అరుగులాంటి మెట్టు, పట్టుకోవడానికి నిలువు కడ్డీ. మా అమ్మ కూరల సంచీతో సహా ఒక్క అడుగులో ఎక్కేది. ఆమె కింద సీట్లో కుదురుకున్నాకే కండక్టర్ తాడు లాగి "రైట్ రైట్" అనేవాడు. తర్వాత వచ్చిన బస్సులున్నాయే, ఛాసిస్ లారీది, పైన బాడీ మాత్రం బస్సుది. మొదటి మెట్టే మోకాలెత్తు. అరవై దాటినవాళ్ళను ఎవరో ఒకరు కిందనుంచి తొయ్యాలి, ఇంకొకరు పైనుంచి లాగాలి.

అంతకుముందు 1932లో నిజాం రైల్వేవాళ్ళే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. రైలూ బస్సూ ఒకే ఇంటివి. ఆ బస్సుల నంబరులో ఉండే జెడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం గుర్తుకని మా నాన్న చెప్పేవాడు. ఇప్పుడు ఎంఎంటీఎస్ రైలు టికెట్ వేరు, మెట్రో కార్డు వేరు, బస్సు చిల్లర వేరు.

నిజం చెప్పాలి కదా. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళు మా డబుల్ డెక్కర్ ఎక్కడం నేను చూడలేదు. వాళ్ళు ఇల్లు కదిలేవారే కాదు. ఆ లెక్కన మెట్రో నయం. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌కు మొదలైనప్పుడు నాంపల్లిలో ఎక్కి చూశాను. ప్లాట్‌ఫామూ బోగీ నేలా ఒకే ఎత్తు, కుర్చీ దొర్లుకుంటూ లోపలికి పోతుంది. చూపులేనివాళ్ళకు కింద గీతల పలకలు. బాగుంది, ఒప్పుకుంటాను. కానీ అంత నున్నని నేలను ఆకాశంలో కట్టారు! రోడ్డు మీంచి టికెట్ల అంతస్తుకు ఒక లిఫ్టు, అక్కణ్ణుంచి ప్లాట్‌ఫామ్‌కు ఇంకొకటి.

నేల మీద నడిచే ట్రామయితే ఈ బాధ ఉండదంటారా? మా మనవరాలికి చెప్పిందే మీకూ చెబుతాను. మీ ఊళ్ళో ట్రామ్ పట్టాలు 250 కిలోమీటర్లుంటే మాత్రం? 2020లో అక్కడి ఆడిటర్లే తేల్చారు, నేలకు దగ్గరగా ఉండే ట్రామ్ వచ్చి దానికి సరిపడా ఎత్తున్న స్టాపులో ఆగేది నూటికి 15 సార్లేనని. ట్రామును కిందికి దించితే చాలదు. కింద ఉండే యంత్రసామగ్రిలో చాలావరకు టాపు మీదికి ఎక్కించాలి, ఇరుసులు మార్చాలి. అటు రోడ్డు మధ్యలో స్టాపు ఎత్తు పెంచాలి. పెంచితే మా దుకాణం ముందు కార్లు ఎక్కడ పెట్టుకోవాలని షాపులవాళ్ళు లేస్తారు. అదీ ఇదీ కలిసేసరికి నా బోటి వాడి మోకాళ్ళు పూర్తిగా అరిగిపోతాయి.

సరే, మెట్రో దిగాం. ఆబిడ్స్‌కు స్టేషనే లేదు. నాంపల్లిలోనో గాంధీభవన్‌లోనో సుల్తాన్‌బజార్‌లోనో దిగి నడవాలి. ఎంతో దూరం లేదు కానీ నడిచేదెక్కడ? ఫుట్‌పాత్ మీద చెప్పుల రాశి, దాని పక్కన స్కూటర్లు, తర్వాత మూత లేని గొయ్యి. దిగి రోడ్డు మీద నడిస్తే "పెద్దాయనా, ఇంట్లో చెప్పొచ్చావా?" అని ఆటోవాడి పలకరింపు. కొరియా బోగీలు తెచ్చారు, డ్రైవరు చెయ్యి పెట్టకుండా బండి నడిపే సిగ్నల్ వ్యవస్థ తెచ్చారు. ఫుట్‌పాత్‌కు ఇవేవీ అక్కర్లేదు. నాలుగు బండలూ ఒక మేస్త్రీ చాలు. అన్నీ ఖాళీ చేయించి బండలు పరవమనే నేనూ అడుగుతున్నాను.

ఆదివారం పుస్తకాల సంత మాత్రం ఫుట్‌పాత్ మీదే ఉండాలి. దాన్ని కదిలిస్తే నేను ఊరుకోను.